ఆపరేషన్‌తో ఆగని గడియారం: వంశపారంపర్య పెద్దపేగు కేన్సర్

రాయ్‌పూర్ శివారులోని ఉర్లా పారిశ్రామిక వాడలో స్పాంజ్ ఐరన్ కొలిమిలూ రోలింగ్ మిల్లులూ రాత్రీపగలూ నడుస్తుంటాయి. అక్కడ ఒక మిల్లులో పనిచేసే మనిషిని ఊహించుకుందాం. వయసు 46. సొంతూరు పార్వతీపురం దగ్గర ఒక పల్లె. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వచ్చే రైలే ఆయనకూ ఊరికీ మధ్య తాడు. ఈయన ఏ ఒక్క రోగీ కాదు. ఇలాంటి జబ్బులో తరచూ ఎదురయ్యే పరిస్థితులను కలిపి అల్లిన మనిషి.

అయిదేళ్ల కిందట ఆయనకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, ముఖం పాలిపోయింది. కొలిమి వేడికి అలసట అనుకున్నారు. మలంలో రక్తం కంటికి కనిపించలేదు కాబట్టి మొలలని కూడా ఎవరూ అనుకోలేదు. కొన్ని నెలలు ఐరన్ మాత్రలు వాడాక, రక్తం ఎందుకు తగ్గుతోందని ఒక డాక్టరు అడిగి కొలనోస్కోపీ చేయించారు. పెద్దపేగు కుడివైపు భాగంలో గడ్డ ఉంది. ఆ భాగం కోసి తీసేశారు. లింఫు గ్రంథులకు పాకలేదు. ఆ తర్వాత అయిదేళ్లు సీఈఏ రక్తపరీక్షలు, స్కాన్లు, మధ్యలో రెండు కొలనోస్కోపీలు జరిగాయి. అన్నీ బాగున్నాయి. అయిదో ఏడు నిండాక, ఇక నాలుగేళ్ల తర్వాత కొలనోస్కోపీకి రండి చాలన్నారు. ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు.

మామూలు పెద్దపేగు కేన్సర్‌కి ఈ లెక్క సరైనదే. ఆపరేషన్ తర్వాత ఏడాదికి ఒక కొలనోస్కోపీ, బాగుంటే మూడేళ్లకు ఇంకొకటి, అదీ బాగుంటే అయిదేళ్లకు మరొకటి అన్నది చాలా దేశాల్లో పాటించే పట్టిక. కానీ ఈయన కథలో ఫైలుకెక్కని సంగతులు రెండున్నాయి. ఆయన తండ్రి 50 దాటకుండానే "కడుపులో గడ్డ"తో పోయారు. అక్కకు 44వ ఏట గర్భసంచి కేన్సర్ వచ్చి, విశాఖలో గర్భసంచి తీసేశారు. రాయ్‌పూర్‌లో డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా పేగు కేన్సర్ ఉందా?" అని అడిగారు. లేదని చెప్పాడాయన. అబద్ధం కాదు. తండ్రి జబ్బుకు పేరు తెలియదు, అక్కది వేరే అవయవం.

ఆ గర్భసంచి సంగతి తెలిసి ఉంటే అయిదేళ్ల లెక్క మారిపోయేది.

కుట్టుపని చేసే ఆమె లెక్క

1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో ఆల్‌డ్రెడ్ వార్తిన్ అనే రోగనిర్ధారణ శాస్త్రవేత్తతో, ఆయన ఇంటికి బట్టలు కుట్టే మహిళ ఒక మాట అంది. తాను చిన్న వయసులోనే పోతానని, తన ఇంట్లో అందరూ పేగు కేన్సర్‌తోనో గర్భసంచి కేన్సర్‌తోనో పోతున్నారని. ఆమె అన్నట్టే గర్భాశయ కేన్సర్‌తో చనిపోయింది. వార్తిన్ ఆ కుటుంబ వివరాలు పోగుచేసి 1913లో ప్రచురించారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1966లో హెన్రీ లించ్ అనే వైద్యుడు ఇలాంటి కుటుంబాలు మరో రెండింటిని వర్ణించాక విషయం కదిలింది. ఈ జబ్బుకు లించ్ సిండ్రోమ్ అన్న పేరు ఆయన మీదుగానే వచ్చింది. నాకైతే ఆ కుట్టుపని చేసే ఆమె పేరు పెట్టినా తప్పులేదనిపిస్తుంది. పేగునూ గర్భసంచినీ ఒకే ఖాతాలో రాసింది ముందుగా ఆమే.

ఆ రెంటినీ కలిపే దారం 1993, 94 ప్రాంతాల్లో దొరికింది. మన శరీరంలో ఒక కణం రెండుగా చీలేటప్పుడు దాదాపు 600 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలను తిరగరాయాలి. అంత రాతలో తప్పులు దొర్లకుండా ఉండవు. వాటిని వెతికి దిద్దే ప్రొటీన్లు ఉన్నాయి. వాటిని తయారుచేసే జన్యువుల్లో ముఖ్యమైనవి నాలుగు: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. ప్రతి జన్యువూ మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా వస్తుంది. లించ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఈ నాలుగింటిలో ఒకదాని ప్రతి ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. రెండోది పనిచేస్తున్నంతకాలం ఇబ్బంది లేదు. ఎప్పుడో ఒక కణంలో ఆ రెండోదీ చెడితే, ఆ కణంలో ప్రూఫ్ దిద్దేవాళ్లు ఉండరు. అచ్చుతప్పులు పేరుకుపోతాయి. పేగు లోపలి పొర, గర్భాశయపు లోపలి పొర ఎప్పుడూ కొత్తగా పుట్టే కణాలతో నిండి ఉంటాయి. దెబ్బ ముందు అక్కడే తగులుతుంది. అండాశయం, జీర్ణాశయం, చిన్నపేగు, మూత్రనాళాలకు కూడా ముప్పు ఉంది, కాకపోతే తక్కువ.

పెద్దపేగు కేన్సర్ వచ్చినవాళ్లలో సుమారు నూటికి ముగ్గురికి మూలం ఈ సిండ్రోమే.

రెండు గడియారాలు

ఇప్పుడు ఉర్లా మనిషి దగ్గరికి వద్దాం. ఆపరేషన్ తర్వాత ఆయన మీద రెండు గడియారాలు నడుస్తున్నాయి. మొదటిది పాత కేన్సర్ తిరగబెట్టడానికి సంబంధించింది. కంటికి కనపడని కణాలేవైనా మిగిలి ఉంటే అవి ఎక్కువగా మొదటి రెండుమూడేళ్లలోనే బయటపడతాయి. అయిదేళ్లు గడిస్తే ఆ భయం చాలావరకు తీరినట్టే. రెండోది కొత్త కేన్సర్‌ది. సర్జను గడ్డను తీశారు, గడ్డ పుట్టిన పేగు భాగాన్ని తీశారు. మిగిలిన పేగులో ప్రతి కణంలోనూ అదే చెడిన ప్రతి ఉంది. ఈ రెండో గడియారానికి అయిదో ఏట ఆగే పనేమీ లేదు.

ఆ ముప్పు ఎంతో చెప్పే లెక్కలున్నాయి. 2011లో 'గట్' అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో, లించ్ జన్యులోపం ఉండి పెద్దపేగు కేన్సర్‌కి ఆపరేషన్ అయిన 382 మందిని పరిశీలించారు. వాళ్లలో 332 మందికి గడ్డ ఉన్న భాగం మాత్రమే తీశారు. వీరిలో 74 మందికి, అంటే 22 శాతం మందికి, మిగిలిన పేగులో మళ్లీ కొత్త కేన్సర్ వచ్చింది. కాలంతో పాటు ఈ ముప్పు ఎలా పెరుగుతుందో కూడా లెక్కగట్టారు: పదేళ్లకు 16 శాతం, ఇరవయ్యేళ్లకు 41, ముప్పయ్యేళ్లకు 62. పెద్దపేగులో చాలా భాగం తీసేసిన 50 మందిలో ఒక్కరికీ రాలేదు. మొదటి ఆపరేషన్‌లో తీసే ప్రతి పది సెంటీమీటర్ల పేగుకూ ముప్పు 31 శాతం తగ్గిందని తేలింది.

అలాంటప్పుడు అందరికీ పేగంతా తీసేస్తే పోదా? అలా అనలేం. పెద్దపేగు దాదాపు పూర్తిగా తీసి చిన్నపేగును పురీషనాళానికి కలిపితే రోజుకు చాలాసార్లు విరేచనానికి వెళ్లాల్సి రావచ్చు. షిఫ్టులో నిలబడి పనిచేసే మనిషికి, పది కుటుంబాలకు ఒకే మరుగుదొడ్డి ఉన్న వరుస ఇళ్లలో బతికే మనిషికి అది చిన్న విషయం కాదు. ముప్పు కూడా అందరికీ ఒకటి కాదు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపాల్లో ఎక్కువ, ఎంఎస్‌హెచ్6లో అంతకంటే బాగా తక్కువ, పీఎంఎస్2లో ఇంకా తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి గడ్డ ఉన్న భాగం తీయడమే మేలని చాలామంది సర్జన్లు అంటారు. కాబట్టి చిన్న వయసు రోగి విషయంలో ఆపరేషన్‌కి ముందే లించ్ సంగతి తేలితే, ఎంత తీయాలన్న నిర్ణయం రోగీ సర్జనూ కూర్చుని మాట్లాడుకుని తీసుకోగలిగిన విషయమవుతుంది. మన ఊహలోని మనిషికి ఆ అవకాశం దాటిపోయింది. సగానికి పైగా పేగు ఇంకా ఉంది.

నాలుగేళ్లు ఎందుకు ఎక్కువ

అలా మిగిలిన పేగుకు కాపలా కొలనోస్కోపీ. ఎంత తరచుగా అన్నదే ప్రశ్న. మామూలుగా ఒక చిన్న పాలిప్ కేన్సర్‌గా మారడానికి పదేళ్లు పట్టొచ్చు. అందుకే మామూలు రోగులకు అయిదేళ్ల ఎడం సరిపోతుంది. లించ్ ఉన్నవాళ్లలో దిద్దుబాటు లేని కణాలు చాలా వేగంగా మారతాయి. ఏడాది నుంచి మూడేళ్లలోనే ఆ దూరం దాటేయగలవు. అందువల్ల వీళ్లకు ఆపరేషన్ తర్వాత కూడా ఏడాదికో, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లకో ఒకసారి చూడాలి. నాలుగేళ్ల తర్వాత రమ్మన్న మాటలో ఉన్న ప్రమాదం ఇదే. చెప్పినవాళ్లు పట్టిక తప్పు చదవలేదు. ఆ పట్టిక ఈయనది కాదు.

ఈ కాపలా పనిచేస్తుందని ముందుగా గట్టిగా చూపింది ఫిన్లాండ్. అక్కడ 22 లించ్ కుటుంబాలకు చెందిన 252 మందిని 15 ఏళ్లు గమనించారు. మూడేళ్లకోసారి పేగు పరీక్ష చేయించుకున్నవాళ్లలో 6 శాతం మందికి కేన్సర్ వచ్చింది, చేయించుకోనివాళ్లలో 16 శాతం మందికి. మొదటి జట్టులో పేగు కేన్సర్‌తో ఎవరూ చనిపోలేదు, రెండో జట్టులో తొమ్మిదిమంది చనిపోయారు. 2000లో వెలువడిన ఈ ఫలితాల తర్వాత ఎడం ఇంకా తగ్గించారు.

ఒక సంగతి దాచకూడదు. కొలనోస్కోపీ క్రమంగా చేయించుకుంటున్నా కొందరికి కేన్సర్ వస్తూనే ఉంది. పైన చెప్పిన 382 మంది కూడా సగటున ఏడాదిన్నరకోసారి పరీక్ష చేయించుకుంటున్నవాళ్లే. లించ్ కేన్సర్లలో కొన్ని పాలిప్ దశ కంటికి కనపడకుండానే, మామూలుగా కనిపించే పొర నుంచే మొదలవుతాయని ఇప్పుడు అనుకుంటున్నారు. అయినా పరీక్షల మధ్య దొరికే కేన్సర్ ఎక్కువగా తొలిదశలో ఉంటుంది, తీసేస్తే నయమవుతుంది. కాబట్టి 'పరీక్ష చేయించుకున్నాను, ఇక రాదు' అనుకోవడం కంటే 'వచ్చినా చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది' అనుకోవడం సరైన ఆశ.

పరీక్షలో సగం పని రోగిదే. ముందురోజు లీటర్ల కొద్దీ మందునీళ్లు తాగి పేగును శుభ్రం చేసుకోవాలి. పేగు గోడ మీద మురికి మిగిలితే చదునైన చిన్న పాలిప్‌లు దాని వెనక దాక్కుంటాయి. ఇది రాత్రి షిఫ్టు చేసి వచ్చి, అద్దె గదిలో ఒక్కడూ చేసుకునే పని కాదు. రెండు రోజుల సెలవు, దగ్గర్లో మరుగుదొడ్డి, తోడు ఒక మనిషి కావాలి. వైద్య పత్రికల్లో ఈ మూడింటి గురించి పెద్దగా రాయరు. పరీక్ష వాయిదా పడేది మాత్రం చాలాసార్లు వీటివల్లే. డబ్బు సంగతి సరేసరి. ఆయుష్మాన్ భారత్ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స కోసం పుట్టినవి. జబ్బు లేనప్పుడు రెండేళ్లకోసారి జీవితాంతం చేయించుకునే పరీక్ష వాటి చట్రంలో తేలిగ్గా ఇమడదు.

ఆస్పిరిన్, చద్దన్నం

కాపలాకు తోడుగా ఒక మందు ఉంది. చవకైనది, పాతది, అందరికీ తెలిసినది: ఆస్పిరిన్. బ్రిటన్‌లోని న్యూకాజిల్‌కు చెందిన జాన్ బర్న్ నాయకత్వంలో జరిగిన క్యాప్2 అనే ప్రయోగంలో లించ్ ఉన్న 861 మంది పాల్గొన్నారు. కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావారికి మందులేని మాత్ర ఇచ్చారు. సగటున రెండేళ్లు వాడారు. మొదట్లో తేడా కనిపించలేదు. ఇక్కడితో ఆపేసి ఉంటే 'ఉపయోగం లేదు' అని రాసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ తేడా బయటపడింది. పదేళ్ల పరిశీలన తర్వాత 2020లో 'లాన్సెట్'లో వచ్చిన లెక్కల ప్రకారం ఆస్పిరిన్ వాడిన 427 మందిలో 40 మందికి, వాడని 434 మందిలో 58 మందికి పెద్దపేగు కేన్సర్ వచ్చింది. రెండేళ్ల మందు పదేళ్ల తర్వాత కూడా కాపాడుతుండటం శాస్త్రవేత్తలకు ఇప్పటికీ ఆసక్తికరమైన చిక్కుముడే. 2020లోనే బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శక సంస్థ నైస్, లించ్ ఉన్నవాళ్లు రెండేళ్లకు పైగా రోజూ ఆస్పిరిన్ వాడే విషయం పరిశీలించాలని సూచించింది. మోతాదు ఎంతన్నది తేల్చడానికి 100, 300, 600 మిల్లీగ్రాములను పోల్చే క్యాప్3 ప్రయోగం చేపట్టారు.

అలాగని మందుల దుకాణంలో కొని మొదలుపెట్టే మందు కాదిది. కడుపులో పుండు ఉన్నా, రక్తపోటు అదుపులో లేకపోయినా రక్తస్రావం కావచ్చు. మన దగ్గర ఇంకో జాగ్రత్త: డెంగీ జ్వరంలో ఆస్పిరిన్ ప్రమాదం. వానాకాలంలో జ్వరం రాగానే ఆపి డాక్టరును కలవాలన్నది రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

అదే ప్రయోగంలో మరో భాగం తెలుగువాళ్లకు నచ్చేది. పేగులో జీర్ణం కాకుండా నిలిచే పిండిపదార్థాన్ని రోజుకు 30 గ్రాములు ఇచ్చి చూశారు. పెద్దపేగు కేన్సర్ తగ్గలేదు. కానీ ఇతర అవయవాల కేన్సర్లు, ముఖ్యంగా జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం వంటి చోట్ల వచ్చేవి, తగ్గాయని 2022లో ప్రకటించారు. ఇలాంటి పిండిపదార్థం పచ్చి అరటికాయలోనూ, వండి చల్లారిన అన్నంలోనూ కొంత ఉంటుంది. చద్దన్నం తింటే కేన్సర్ రాదని మాత్రం దీని అర్థం కాదు. ప్రయోగంలో ఇచ్చింది తూచిన పొడి. చద్దన్నం తినడానికి చద్దన్నమే చాలినంత కారణం. బరువు విషయంలో మాత్రం ఫలితం స్పష్టం: అదే ప్రయోగంలో ఊబకాయం ఉన్నవాళ్లకు పెద్దపేగు కేన్సర్ ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. ఆస్పిరిన్ వాడిన ఊబకాయుల్లో ఆ అదనపు ముప్పు కనిపించలేదు.

ఉర్లాలో ఈ కథ చెబితే ఎవరైనా ముందు పొగ గొట్టాలవైపు చూపిస్తారు. అక్కడి గాలి గురించి ఫిర్యాదు న్యాయమైనదే. ఊపిరితిత్తులకు దాని హాని వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది. కానీ ఈ జబ్బులో ఉర్లా వదిలి పార్వతీపురం వెళ్లిపోయినా రెండో గడియారం వెంటే వస్తుంది.

అక్కకు ఫోను

ఉత్తరాంధ్రలో అక్కను అప్ప అంటారు. ఈ మనిషి చేయాల్సిన అతి ముఖ్యమైన వైద్య పరీక్షల్లో ఒకటి ఫోనులో అయిపోతుంది: "అప్పా, నీ గర్భసంచి తీసినప్పటి కాగితాలు ఉన్నాయా?"

లించ్ ఉన్న ఆడవాళ్లలో రెండు కేన్సర్లూ వచ్చినవారిని చూస్తే, దాదాపు సగం మందికి ముందు వచ్చింది స్త్రీ అవయవాల కేన్సరే. అంటే గర్భసంచి కేన్సర్ పేగుకు ముందస్తు హెచ్చరిక. ఆ అక్క తన జబ్బు నయమైందనుకుంటోంది. అది నిజమే. ఆమె పెద్దపేగును మాత్రం ఎవరూ ఒక్కసారి కూడా చూడలేదు. తమ్ముడి కంటే ముందు కొలనోస్కోపీ కావాల్సింది ఆమెకే. ఇక ఆ ఇంట్లో లోపం ఉన్న ఆడపిల్లలకు పిల్లలు పుట్టాక, సుమారు 35–40 ఏళ్ల మధ్య, గర్భసంచినీ అండాశయాలనూ తీయించుకునే దారి ఉంది. 2006లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన అధ్యయనంలో ముందే గర్భసంచి తీయించుకున్న 61 మందిలో ఒక్కరికీ గర్భాశయ కేన్సర్ రాలేదు. తీయించుకోని 210 మందిలో 69 మందికి వచ్చింది. అండాశయాలు తీస్తే నెలసరి ముందే ఆగిపోయి ఎముకలు, గుండె మీద ప్రభావం పడుతుంది కాబట్టి ఏ వయసులో అన్నది నిదానంగా తేల్చుకోవాలి. మన పల్లెల్లో చిన్న కారణాలకే గర్భసంచి తీసేసే అలవాటు ఉందని విమర్శించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇది ఆ కోవలోది కాదు. రక్తపరీక్షలో లోపం తేలినవాళ్లకు మాత్రమే ఈ మాట.

ఆయన తోబుట్టువులకు, పిల్లలకు ఈ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. ఇంట్లో ఒకరిలో ఏ జన్యువులో ఏ తప్పు ఉందో తెలిస్తే, మిగతావాళ్లకు ఆ ఒక్క తప్పు కోసమే చూడొచ్చు. లేదని తేలినవాళ్లకు ఏటేటా పేగు పరీక్షల బాధ తప్పుతుంది. చాలామంది ఈ పరీక్షను చెడువార్త తెచ్చేదిగానే చూస్తారు. సగం మందికి అది తెచ్చేది మంచివార్త.

మేనరికాల దగ్గర మరో చిక్కుంది. తమ్ముడి కొడుకుకీ అక్క కూతురికీ పెళ్లి చేశారనుకోండి. ఇద్దరికీ ఒకే చెడిన ప్రతి వచ్చి ఉంటే, వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ చెడినవే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటి పిల్లలకు దిద్దుబాటు మొదటినుంచీ ఉండదు. చిన్నతనంలోనే మెదడు, రక్తం, పేగు కేన్సర్లు వస్తాయి. ఒంటిమీద పాలకాఫీ రంగు మచ్చలు దానికొక గుర్తు. ఈ రకం చాలా అరుదు. కానీ మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్లలో, లించ్ ఉన్న కుటుంబం పెళ్లి మాటలకు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

వంశపారంపర్య పేగు కేన్సర్లన్నీ లించ్ కావు. ఏపీసీ జన్యులోపంతో పేగునిండా వందలు, వేలు పాలిప్‌లు పుట్టే జబ్బు మరొకటి. అక్కడ కేన్సర్ దాదాపు ఖాయం కాబట్టి యవ్వనంలోనే పెద్దపేగు తీసేస్తారు. ఆ తర్వాత కాపలా స్థలం మారుతుంది: మిగిల్చిన పురీషనాళం లేదా చిన్నపేగుతో కట్టిన సంచి, జీర్ణాశయం దాటాక వచ్చే ఆంత్రమూలం, కడుపు గోడలో పెరిగే డెస్మాయిడ్ గడ్డలు. అలాగే చిన్న వయసులో వచ్చిన ప్రతి కేన్సరూ వంశపారంపర్యం కాదు. మనదేశంలో యువతలో కనిపించే పురీషనాళ కేన్సర్లలో చాలావాటికి ఈ జన్యులోపాలు లేవని హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తల పరిశోధనలు చూపాయి. అందుకే ఊహించి భయపడటం కంటే పరీక్ష చేయడం మేలు.

మైనపు దిమ్మె

ఆ పరీక్షకు మొదటి మెట్టు ఆపరేషన్ రోజునే తయారై ఉంది. తీసిన గడ్డ ముక్కలను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి చిన్న దిమ్మెలుగా ప్రయోగశాలలో ఏళ్ల తరబడి దాస్తారు. దాన్నుంచి పలచని పొర కోసి, నాలుగు దిద్దుబాటు ప్రొటీన్లకు రంగు పరీక్ష చేస్తారు. నాలుగూ ఉంటే లించ్ అవకాశం చాలా తక్కువ. ఎంఎస్‌హెచ్2 లేదా ఎంఎస్‌హెచ్6 లేకపోతే అనుమానం బలపడుతుంది. ఎంఎల్‌హెచ్1 లేకపోతే మరో మెలిక ఉంది: వయసు మళ్లినవారిలో వంశంతో సంబంధం లేకుండా కూడా అది ఆగిపోతుంది కాబట్టి, గడ్డలోనే ఇంకో పరీక్ష చేసి అది తేల్చుకోవాలి. ఆ తర్వాతే రక్తంలో జన్యు పరీక్ష. పెద్దపేగు కేన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ రంగు పరీక్ష చేయాలన్నది ఇప్పుడు చాలా దేశాల మార్గదర్శకం. దీనివల్ల చికిత్సకూ మేలుంది. దిద్దుబాటు పోయిన గడ్డ రెండో దశలో ఉంటే ఫ్లోరోయురాసిల్ ఒక్కటే ఇచ్చే కీమోథెరపీ వల్ల లాభం లేదు, ముదిరిన దశలో మాత్రం ఇమ్యునోథెరపీ బాగా పనిచేస్తుంది.

మన ఉర్లా మనిషి ఆపరేషన్ జరిగి అయిదేళ్లే. డిశ్చార్జి కాగితాలతో పాటు ఇచ్చిన బయాప్సీ రిపోర్టు పైభాగంలో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు చెప్పి, రాతపూర్వకంగా అడిగితే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ల్యాబ్ దిమ్మెను ఇస్తుంది. రాయ్‌పూర్‌లో చేయించినా, హైదరాబాద్‌కో ముంబైకో పంపినా దానికి ఐసు అక్కర్లేదు. బొటనవేలంత ఉంటుంది, మామూలు కవరులో పడుతుంది. ఎండ తగలకుండా చూసుకుంటే చాలు, మైనం కదా.